జర దమ్ము పట్టక్కా

కాలవ గట్టు

మా తణుకులో కాలవ గట్టు మీద పొద్దున్నే పరిగెత్తే ఆడవాళ్ళం మొదట్లో ముగ్గురం. ఒకావిడ మనవడు పుట్టాక మానేసింది. రెండో ఆవిడ యోగాలోకి మారిపోయింది. చివరికి నేనూ, గట్టు మీది కుక్కలూ మిగిలాం. నేను మానలేదు సరికదా, ఇంకా ముదిరాను. విజయవాడలో ఒక పోటీ, విశాఖలో ఒక పోటీ, మెడలో పతకాలు. వాటిని తెచ్చి షాపులో దగ్గుమందు సీసాల పక్కన తగిలించేదాన్ని. మాది మందుల షాపు, నేనూ మావారూ కలిసి చూసుకుంటాం. అందుకే మడమలో నొప్పి మొదలైనప్పుడు నాకు భయం వేయలేదు. పూతమందు రాసుకుని, మాత్ర వేసుకుని పరిగెత్తాను. నలభై ఏడేళ్ళ మడమ ఎంతకాలం ఊరుకుంటుంది? ఒకరోజు గట్టు దిగుతుంటే వెనక నరం పట్టేసింది. కుంటుకుంటూ ఇంటికి చేరాను.

నెలల తరబడి ఇంట్లో కూర్చున్నాక ఫిజియోథెరపీ డాక్టరు ఒక పద్ధతి చెప్పాడు. ఒక్క నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. మళ్ళీ నిమిషం పరుగు. అదీ రోజు విడిచి రోజు. నొప్పి లేకపోతే నిమిషాలు పెంచుకుంటూ పోవచ్చు. ఆ మాట వింటే నాకు ఏడుపొచ్చింది. ఇరవై కిలోమీటర్లు పరిగెత్తినదాన్ని, నిమిషానికొకసారి ఆగడమా? పైగా గట్టు మీద నడకకొచ్చే హెడ్మాస్టారు ఒకరున్నారు. నేను నడక మొదలుపెట్టేసరికి సరిగ్గా ఎదురొచ్చి, "ఏమ్మా, ఆగిపోయారేంటి?" అంటారు. పాపం ఆయన ప్రేమగానే అడుగుతారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఎవరూ తెలియని చోటికి పోయి పరిగెత్తాలనిపించింది. భూపాలపల్లిలో నా హాస్టల్ స్నేహితురాలు స్వరూప ఉంది. ఫార్మసీ చదివేటప్పుడు ఒకే గది మాది. రమ్మని ఏళ్ళుగా పిలుస్తోంది. వాళ్ళ ఊరికి ముందు చెల్పూరు అని కరెంటు తయారయ్యే ఊరుంది, అక్కడి నుంచి తన ఇంటిదాకా మంచి రోడ్డని ఎప్పుడో చెప్పింది. దాన్నే పరీక్ష పెట్టుకున్నాను. చెల్పూరు నుంచి స్వరూప ఇంటిదాకా ఆగకుండా పరిగెత్తాలి. మడమ నిలబడితే నేను మళ్ళీ పరుగుమనిషిని. నిలబడకపోతే బూట్లు అక్కడే వదిలేసి చెప్పులతో తిరిగొస్తాను. అక్కడికి చేరేలోపు కాలు సాగడానికి జనగామలో ఒక పరుగు, మహబూబాబాద్ వైపు ఒక పరుగు.

"పరిగెత్తడానికి రైలెక్కి వెళ్ళడమేంటే?" అన్నారు మావారు. షాపు తాళాలు ఆయన చేతిలో పెట్టి రైలెక్కాను.

జనగామ గ్రౌండు

జనగామలో తెల్లారి లాడ్జి బయటికొచ్చి చూస్తే ముందు నన్ను ఆపినవి రాళ్ళు. మా డెల్టాలో రాయి కావాలంటే లారీలో తెప్పించుకోవాలి. ఇక్కడ ఊరి చివర ఇల్లంత బండ మీద ఇంకో ఇల్లంత బండ, ఇప్పుడో ఇంకాసేపట్లోనో దొర్లేటట్టు కూర్చుని ఉన్నాయి. వాటి కిందే ఒకాయన మేకలు కాస్తూ నింపాదిగా చాయ్ తాగుతున్నాడు. నాకు ఊపిరి ఆగినంత పనైంది. ఆయన నన్ను చూశాడు, బండను చూశాడు, మళ్ళీ చాయ్‌లో మునిగిపోయాడు.

రోడ్డు మీద పరుగు మొదలుపెట్టానో లేదో, ఒక ఆటో నా పక్కనే నెమ్మదించింది.

"అక్కా, బస్సు పోయిందా? ఎక్కు, ముంగట పట్టుకుందం."

"బస్సు కాదండీ. ఊరికే పరిగెడుతున్నాను."

"ఊకెనా?"

"ఊకెనే" అన్నాను, ఆయన మాటే ఆయనకిచ్చి.

"ఊకెనే ఉర్కుతాందట" అని లోపల ఉన్నవాళ్ళకి చెప్పాడు. వాళ్ళంతా తలలు బయటపెట్టి నన్ను చూశారు. ఒకావిడ జాలిగా "పిచ్చిపిల్ల" అంది. మా ఊళ్ళో పరిగెత్తితే ఎన్ని కిలోమీటర్లు అని అడుగుతారు. ఇక్కడ ఏమైందని అడుగుతారు. ఏమాటకామాటే, ఆ "పిల్ల" అన్న మాట నాకు నచ్చింది.

ఆ దారి చివర గ్రౌండు. దాన్ని చూసి నిజంగా నోరు తెరిచేశాను. మంచులో, ఎర్రమట్టి దుమ్ములో కుర్రవాళ్ళూ ఆడపిల్లలూ గుంపులు గుంపులుగా పరిగెడుతున్నారు. పోలీసు ఉద్యోగాలకు పెట్టే పరుగు పరీక్షల్ని ఇక్కడ ఈవెంట్స్ అంటారు. పిల్లలంతా వాటికే తయారవుతున్నారు. కాళ్ళకి బూట్లున్నవాళ్ళు సగం మందే. ఒక పిల్ల సల్వారు మోకాళ్ళ దాకా మడిచి, ఉత్తకాళ్ళతో వచ్చి నా ముందునుంచి గాలిలా దూసుకుపోయింది. నా కాలికున్న బూట్ల ఖరీదు గుర్తొచ్చి కాళ్ళు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఆ పిల్ల పేరు జ్యోతి. వాళ్ళమ్మ యాదమ్మ గీత దగ్గర నిలబడి ఉంది. ఒక చేతిలో కూతురి చెప్పులు, భుజం మీద కూతురి చున్నీ. పొద్దెక్కితే కూలికి పోవాలి, ఆలోపు ఇక్కడ.

"ఉర్కు! ఉర్కు బిడ్డా, ఉర్కు!" ఆమె అరుపుకి గ్రౌండు పక్కన పావురాలు లేచిపోయాయి.

నన్ను చూసి, "నీకు గుడ ఈవెంట్సేనా అక్కా?" అంది.

"ఈ వయసులో నాకు ఉద్యోగం ఎవరిస్తారు? కాలు దెబ్బతింటే నయం చేసుకుంటున్నాను."

"కాలు నొస్తె పండుకోవాలె గని ఉర్కుతరా?" అని నవ్వింది. అంచునే నా నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక మొదలుపెట్టాను.

మూడు నాలుగు విడతలు బుద్ధిగానే చేశాను. కానీ నా పక్కనుంచి అంతమంది దూసుకుపోతుంటే నడవడానికి ప్రాణం ఒప్పలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగర్చి, నడక నిమిషాలు పూర్తి కాకుండానే మళ్ళీ అందుకున్నాను. యాదమ్మ అది చూసింది. అరచెయ్యి నావైపు ఎత్తి గట్టిగా అరిచింది.

"జర దమ్ము పట్టక్కా! దమ్ము పట్టు!"

నా ఒళ్ళు జలదరించింది. దమ్ము! మా వైపు బరువైనదేదైనా లాగేటప్పుడు "దమ్ము పట్టి లాగరా" అనుకుంటారు. దమ్ముంటే రమ్మని సవాళ్ళు విసురుకుంటారు. కన్నకూతురికేమో ఉత్త "ఉర్కు" అంది. నాకు దమ్ము పట్టమంది. నాలో ఏదో చూసే కదా! ఇక నడవలేదు. గ్రౌండు చుట్టూ చుట్టేశాను. యాదమ్మ ఇంకో రెండుసార్లు అదే మాట అరిచింది, చెయ్యి ఇంకా పైకెత్తి. నేనూ చెయ్యి ఊపి వేగం పెంచాను. ఆమె ముక్కుమీద వేలేసుకుని నిలబడిపోయింది. నన్ను చూసి ఆశ్చర్యపోయిందనుకున్నాను.

వింతేమిటంటే మడమ కిక్కురుమనలేదు. చివర్లో యాదమ్మ డబ్బా తెరిచి ఉడకబెట్టిన బొబ్బర్లు, ఉల్లిపాయ ముక్కలు కలిపినవి నా దోసిట్లో పోసింది. గుడాలంటారట. జ్యోతి తింటూనే ఇంకో చుట్టుకి లేచింది. వేడి గుడాలు నములుతూ ఆ పిల్ల ఉత్త పాదాల్ని చూస్తూ కూర్చున్నాను. ఆ పొద్దుటంత సంతోషం నాకు చాలాకాలంగా లేదు.

గార్ల మిర్చి కల్లం

మర్నాడు విశ్రాంతి, రైలు ప్రయాణం. టికెట్టు మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ రైల్లో ఎవరూ ఆ పేరు పలకలేదు. అందరిదీ మానుకోటే. రాత్రికి అక్కడ ఉండి, పొద్దున్నే చిన్న రైలు పట్టుకుని గార్ల వెళ్ళాను. మిరపకాయల కాలంలో ఆ పక్కల్ని చూడాలని స్వరూప ఎప్పుడూ అంటుండేది.

ఆమె చెప్పింది సరిపోదు. ఊరు దాటి చేల మధ్య రోడ్డెక్కేసరికి రెండు పక్కలా నేల లేదు, ఎరుపే ఉంది. కోసిన మిరపకాయలు ఎండబెట్టిన కల్లాలు ఒకదాని పక్కన ఒకటి, కళ్ళు ఎంతదూరం పోతే అంతదూరం. పొద్దుటెండ పడి అవి నిగనిగలాడుతున్నాయి. ఇళ్ళ గోడల సున్నం మీద కూడా ఆ ఎర్ర నీడే. మా ఇంట్లో ఏడాదికి సరిపడా కారం కొట్టించి, ఎంత కొట్టించామో అనుకుంటాను. ఇక్కడి ఒక్క కల్లం మా వీధి వీధికీ తరతరాలు సరిపోయేటట్టుంది. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

దణ్ణంతో ఊరుకుంటే బాగుండేది. నా చెవుల్లో ఇంకా యాదమ్మ మాట మోగుతోంది. ఈసారి నడక ఊసే లేకుండా పరుగందుకున్నాను. ఒక కల్లం దగ్గర ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళని దాటబోతుండగా గాలి తిరిగింది. ఆ ఘాటు ముక్కులోంచి ఎక్కడెక్కడికో పోయింది. కళ్ళు మండాయి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అయినా ఆగలేదు. వాళ్ళలో పెద్దావిడ లేచి నిలబడి అరిచింది.

"జర దమ్ము పట్టు చెల్లే! గాలి..."

గాలి తర్వాత ఏమందో దగ్గులో వినిపించలేదు. దమ్ము పట్టు అన్నది మాత్రం వినిపించింది. ఇక్కడ కూడానా! ఈ నేలంతా నన్ను ఉసిగొల్పుతోందనుకున్నాను. పళ్ళు బిగించి వేగం పెంచాను. కన్నీళ్ళలో దారి కనపడక రోడ్డంచు మీద కాలు పడింది. పాదం మెలితిరిగి, మడమ చురుక్కుమంది. అక్కడే కూలబడ్డాను.

ఆ పెద్దావిడ పేరు మరియమ్మ. పరిగెత్తుకొచ్చి నా మొహం నీళ్ళతో కడిగింది. ఇంకొకామె కొంగుతో గాలి విసిరింది.

"ఎందుకే అంతగానం ఉర్కుడు? ఎవలన్న తరిమిండ్రా?"

"లేదక్కా. కాలు బాగైందో లేదో చూసుకుంటున్నాను."

"సూసుకున్నవ్ కదా, ఇగ కూసో" అంది.

కూర్చున్నాను. బాధ కాలిది కాదు. చెల్పూరు ఇంకా ముందుంది, పరీక్ష అక్కడ కదా, ఈలోపే ఇలా చేసుకున్నానేమిటన్న బాధ. ఆ మాటే ఆమెకి చెప్పాను. కాలు తగ్గకపోతే ఇక పరుగు మానేస్తానని కూడా చెప్పాను. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాను. మిరప ఘాటు సాకుగా దొరికింది.

మధ్యాహ్నం వాళ్ళు సద్ది మూటలు విప్పి నన్నూ కూర్చోబెట్టారు. జొన్నరొట్టె, పుంటికూర తొక్కు. పుంటికూర అంటే మా గోంగూరే. మేం నూనె పోసి పోసి మగ్గబెడతాం. వీళ్ళు పచ్చిమిరపకాయతో మొరటుగా నూరారు. నాలిక మీద పడగానే తల తిరిగింది, చెయ్యి మాత్రం మళ్ళీ గిన్నెలోకే పోయింది. తినేముందు మరియమ్మ తల మీద కొంగు కప్పుకుని ప్రార్థన చేసింది. రొట్టెకి స్తోత్రం చెప్పాక నా మడమ మీద చెయ్యి పెట్టింది.

"ఈ చెల్లె కాలు బాగుచెయ్యి ప్రభువా. ఈమెకు జర దమ్ము పట్టే బుద్ధియ్యి ప్రభువా."

అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా నేనన్నాను. నాకు దేవుళ్ళ పట్టింపు లేదు. ఎండలో గొంతుక్కూర్చుని కాయలేరే మనిషి, ముక్కూమొహం తెలియని దాని మడమ పట్టుకుని దేవుడికి సిఫారసు చేస్తుంటే ఎవరికి కళ్ళు నిండవు?

రేగొండలో బంగారం

భూపాలపల్లి బస్సు రేగొండలో టైరు గాలి దిగిపోయి ఆగింది. కుంటుకుంటూ దిగి నిలబడితే ఎదురుగా బోర్డు. ఇచ్చట బంగారం కిలో అరవై రూపాయలు. కళ్ళు నులుముకున్నాను. పక్క కొట్టు చూశాను. అక్కడ యాభై ఎనిమిది.

"ఎంత కావాలె బంగారం?" అంది కొట్టావిడ.

"గ్రామా అండీ?" అన్నాను అమాయకంగా.

ఆవిడ పకపకా నవ్వి వెనక గోతం విప్పి చూపించింది. బెల్లం దిమ్మలు! ఇది జాతర జరిగే ఏడాదట. అడవిలోని అమ్మవార్లకి మొక్కు చెల్లించే బెల్లాన్ని ఇక్కడ బెల్లం అనరు. పక్కనే పెద్ద కాటా కట్టి ఉంది. ఒక తల్లి తన పసిదాన్ని అందులో కూర్చోబెట్టింది. రెండోవైపు బంగారం పేరుస్తున్నారు. పిల్ల కిలకిలా నవ్వుతూ గాల్లోకి లేచింది. చుట్టూ ఉన్న మొహాలన్నీ ఒక్కసారి వెలిగాయి. రెండు చేతులూ జోడించి అలాగే నిలబడిపోయాను. డ్రైవరు హారన్ కొడితే గానీ కదల్లేదు.

ఇకనుంచి ఇక్కడి మాటలకి అర్థం అడిగి తెలుసుకోవాలని బస్సెక్కుతూ అనుకున్నాను. అనుకున్నాను, అంతే.

భూపాలపల్లి, స్వరూప ఇల్లు

స్వరూప ఇప్పుడు సర్కారు దవాఖానలో మందులిచ్చే ఉద్యోగం చేస్తోంది. గేటు దగ్గరే నన్ను గట్టిగా పట్టుకుని, "గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా?" అంది. నేను తెల్లబోయాను. హాస్టల్లో నాకు తెలిసిన స్వరూప ఇలా మాట్లాడేది కాదు. మొదట్లో మాట్లాడినప్పుడు మేమంతా సినిమా కామెడీ చూసినట్టు నవ్వేవాళ్ళం. పాపం రెండు నెలల్లో తన మాట పెట్టెలో పెట్టేసి మా మాట నేర్చుకుంది. ఇన్నేళ్ళ స్నేహంలో దాని సొంత భాష నేను నవ్వకుండా విన్నది ఇప్పుడే.

వాళ్ళాయన బొగ్గు బాయిలో పనిచేస్తాడు. గని అనరు, బాయి అంటారు. ఆయన షిఫ్టులో ఉన్నాడు. ఇంట్లో స్వరూప మామ రాజయ్యగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆయనా అదే బాయిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైనవారు. సన్నటి మనిషి, పెద్ద కళ్ళు. మసి ఇంకా అంచుల్లో ఉన్నట్టే ఉండే ఆ కళ్ళని నేను చాలాసేపు చూశాను.

స్వరూప సర్వపిండి గిన్నెకి తట్టి, పక్కన పచ్చిపులుసు పోసి పెట్టింది. కరకరలాడే పిండిలో పల్లీలు, నువ్వులు పళ్ళకి తగులుతుంటే మడమ సంగతి మరిచిపోయాను. మాటల్లో చెల్పూరు పరుగు సంగతి చెప్పాను.

"మా మామ గుడ పొద్దుగాల నడుస్తడే" అంది స్వరూప. "గాని ఆయనకు దమ్ము ఉన్నది. మస్తు దమ్ము."

నేను చేతిలో ముక్క దించి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఈ వయసులో కూడా అంత దమ్మా మావయ్యగారూ! మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి!"

ఆయన స్వరూప వైపు చూశారు.

"ఏం నేర్చుకుంటవ్ బిడ్డా?" అన్నారు ఆయన మెల్లగా. "పండుకుంటె ఊపిరాడది. గోడకు ఒరిగి కూసుంట."

స్వరూప నా మొహం చూసింది. "ఏందే నువ్వనేది? దమ్ము అంటె ఆయాసమే. ఊపిరి బీమారి."

"మరి దమ్ము పట్టు అంటే?"

"ఆగుమని. ఓపిక పట్టుమని. ఎందుకు?"

యాదమ్మ పైకెత్తిన అరచెయ్యి కళ్ళముందు కనిపించింది. అది శభాష్ కాదు. బస్సునాపే చెయ్యి. ముక్కుమీద వేలేసుకున్నది నా మొండితనం చూసి. మరియమ్మ అరిచింది గాలి మళ్ళేదాకా ఆగమని. ఆ తర్వాత ఏకంగా దేవుడికే విన్నవించింది, ఈమెకు ఆగే బుద్ధి ఇవ్వమని. దానికి నేను అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను.

చెప్పాను. మొత్తం చెప్పాను. స్వరూప నవ్వుతూ నేలమీద కూలబడింది. హాస్టల్లో మేం నవ్విన నవ్వులన్నీ వడ్డీతో వసూలు చేసుకుంది. రాజయ్యగారు నవ్వలేక నవ్వారు. నవ్వు దగ్గై, దగ్గు ఆయాసమై, మంచం పట్టె పట్టుకుని ఒంగిపోయారు. స్వరూప ఆయన వీపు రాస్తూ, "జర దమ్ము పట్టు మామా, దమ్ము పట్టు" అంటోంది. ఇంత మెత్తటి మాటా అది! ఆయన కళ్ళు మూసుకుని, ఒక్కో శ్వాసనీ పిలిచి తెచ్చుకుంటున్నట్టు కూర్చున్నారు. ఊపిరి మళ్ళీ దారిలో పడటం నేను దగ్గరుండి చూశాను. ఆయాసానికి మందులమ్మి బతికేదాన్ని, ఒక మనిషి శ్వాస కోసం ఎదురుచూడటం ఎప్పుడూ చూడలేదు. భయమూ, భక్తీ రెండూ కలిగాయి.

మడమ వాచింది. మర్నాడు పరుగు లేదు. ఐసు పెట్టుకుని, కాలు దిండు మీద పెట్టుకుని రోజంతా పడుకున్నాను. ఈ ప్రయాణంలో నిజంగా పడుకోవడం అదే మొదటిసారి.

చెల్పూరు రోడ్డు

ఆ మర్నాటికి వాపు తీసింది. రాజయ్యగారు వారానికోసారి ఆటోలో చెల్పూరు వెళ్తారట. బాయిలో తనతో పనిచేసిన దోస్తు అక్కడ చాయ్ హోటల్ పెట్టుకున్నాడు. నన్నూ రమ్మన్నారు. బూట్లు వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో నాకే తెలియదు. ఆగకుండా పరిగెత్తే పరీక్ష పోయింది, అది ఖాయం. ఈ కాలు అసలు పరిగెత్తుతుందా అన్నది మాత్రం మిగిలింది.

చెల్పూరులో ఆటో దిగి తలెత్తాను. పత్తి చేల మీద, పొగమంచులోంచి, రెండు కళ్ళకీ పట్టనంత లావున కూలింగ్ టవర్లు లేచి ఉన్నాయి. వాటి నోళ్ళలోంచి తెల్లటి ఆవిరి మెల్లగా, చాలా మెల్లగా ఆకాశంలోకి పోతోంది. పక్కనే చిమ్నీ. దాని కొస చూడాలంటే మెడ వెనక్కి విరవాలి. కింద చేలో ఒకామె వంగి చివరి పత్తి ఏరుకుంటోంది. పైన ఆ ఆవిరి ఉదయపు ఎండ తగిలి లేత గులాబీ రంగుకి మారింది. ఇంత పెద్దది మనుషులు కట్టారంటే నమ్మబుద్ధి కాలేదు.

"మేం తవ్విన బొగ్గే దాంట్ల కాలుతది" అన్నారు రాజయ్యగారు చాయ్ ఊదుకుంటూ. "లోపట మా దమ్ము, బయట గీ పొగ."

ఆ మాట ఆయన బాధతో అన్నారో గర్వంతో అన్నారో తెలియలేదు. రెండూ కావచ్చు.

తిరుగుదారిలో కల్వర్టు దాకా నడుస్తానన్నారు. కలిసి బయల్దేరాం. నేనొక నిమిషం పరిగెత్తి, ఆగి, ఆయన వచ్చేదాకా నిలబడేదాన్ని. ఆయన వచ్చి, ఊపిరి తీసుకుని, చెయ్యి ఊపేవారు. మళ్ళీ ఇద్దరం కాసేపు నడిచేవాళ్ళం. తణుకులో నాకు అవమానంగా తోచిన రెండు నిమిషాలు ఇక్కడ ఆయనకి అవసరమైన రెండు నిమిషాలు. ఆ నడకలోనే తుమ్మచెట్టు మీద పాలపిట్ట కనిపించింది. ఎడ్లబండి మీద వెళ్తున్న ముసలమ్మ రాజయ్యగారిని పేరు పెట్టి పలకరించింది. పరిగెడుతూ ఉంటే ఇవేవీ నావయ్యేవి కావు.

కల్వర్టు మీద కూర్చున్నాక ఆయనకి బాగా ఆయాసం వచ్చింది. నేనూ పక్కనే కూర్చున్నాను. మడమ తడిమి చూసుకున్నాను. కొంచెం బిగువు, నొప్పి లేదు. ఈ రోజుకి చాలనుకుని బూటు తాడు విప్పబోయాను.

"బాయిల ఉర్కద్దు బిడ్డా" అన్నారు ఆయన. "దిగిన మొదటినాడే చెప్తరు. ముప్పై ఏండ్లు నడిచిన. పైకొచ్చినంక ఉర్కుదామంటె దమ్మాయె."

ఎదురుగా రోడ్డు తిన్నగా, ఖాళీగా, భూపాలపల్లి వైపు పోతోంది.

"నువ్వు జర దమ్ము పట్టినవ్ కద. చాలు" అని నా భుజం తట్టి, రోడ్డు వైపు చెయ్యి చాపారు. "ఇగ ఉర్కు. నేను సూస్త. ఉర్కు బిడ్డా, ఉర్కు!"

యాదమ్మ కూతురికి అరిచిన మాటే. ఇన్నాళ్ళకి నా వంతు వచ్చింది.

తాడు బిగించి లేచాను. పరిగెత్తాను. వెనకనుంచి ఆయన గొంతు, మధ్యమధ్య తెగుతూ, మళ్ళీ అందుకుంటూ, "ఉర్కు, ఉర్కు" అంటోంది. ఆయన ఊపిరంతా ఆ మాటకే ఖర్చు పెడుతున్నారని తెలుసు నాకు. కళ్ళు నిండాయి. ఈసారి మిరప ఘాటు లేదు. నా అడుగుల చప్పుడు నాకు వినిపిస్తోంది. మడమ నేలకి తగిలిన ప్రతిసారీ నొప్పి కోసం వెతికాను. రాలేదు. ఇంకా పోవచ్చు. కాళ్ళు పొమ్మంటున్నాయి. రోడ్డంతా నాదే.

ఆగాను. నొప్పి వచ్చి కాదు, నిమిషం అయింది.

వెనక్కి తిరిగి చూస్తే, కల్వర్టు మీద రాజయ్యగారు అరచెయ్యి పైకెత్తి కూర్చుని ఉన్నారు. ఆ చెయ్యికి అర్థం ఇప్పుడు నాకు తెలుసు. మెల్లగా ఆయన దగ్గరికి నడిచాను.

మళ్ళీ గట్టు

బూట్లు నాతోనే తిరిగొచ్చాయి. కాలవ గట్టు మీద ఇప్పుడు నిమిషాలు కాస్త పెరిగాయి, నడక మాత్రం మానలేదు. నిన్న పొద్దున నేను నడక మొదలుపెట్టేసరికి హెడ్మాస్టారు యథాప్రకారం ఎదురొచ్చారు.

"ఏమ్మా, ఆగిపోయారేంటి?"

"దమ్ము పడుతున్నానండీ" అన్నాను.

"శభాష్!" అన్నారాయన పిడికిలి బిగించి. "అలా ఉండాలి! ఇక లగెత్తండి!"

నేను నవ్వి, ఆయనతో పాటే ఇంకాస్త దూరం నడిచాను.